మూడూ అక్రోపోరాయేనా? తమ్ముడి అక్వేరియంలోని కొమ్మల పగడాలు

ప్రశ్న (అల్లూరు, నెల్లూరు జిల్లా)
రొయ్యల గుంటల్లో నీళ్లు పరీక్షించే పని నాది. ఉప్పు ఎంత, ఆల్కలినిటీ (ఆమ్లాన్ని తట్టుకునే గుణం) ఎంత అనేది రోజూ చూసేదే. అమెరికాలో ఉన్న మా తమ్ముడు ఇంట్లో ఉప్పునీటి అక్వేరియం పెట్టి, కొమ్మలుగా పెరిగే పగడాలు మూడు తెచ్చాడు. మూడూ అక్రోపోరా అనే రకమని చెప్పి అమ్మారట. నాకు నమ్మకం కుదరలేదు. ఒకటి గులాబీ రంగు, అగ్గిపుల్లంత సన్నం, కొనలు సూదుల్లా ఉన్నాయి. రెండోది ఆకుపచ్చ, చిటికెనవేలంత లావు, కొన మొద్దు. మూడోది ఊదా, కొమ్మ నిండా చిన్న చిన్న గొట్టాలు. వాడు మూడింటినీ పైరాయి మీద, లైటు కిందే పెడతానంటున్నాడు. గుంటలో మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రేలో మేత మిగిలితే రొయ్య సంగతి ఆ పూటే తెలుస్తుంది. పగడం అలా చెప్పదు కదా, అదే టెన్షన్. ఫొటోలు పెట్టాను, చూడండి.

జవాబు (ఒంగోలు)
అన్నా, నేను దుబాయ్‌లో అక్వేరియం షాపులో పనిచేశాను. రంగు వదిలేయండి, కొన చూడండి. అక్రోపోరా అయితే కొమ్మ చివర సరిగ్గా మధ్యలో ఒక గొట్టం ఉంటుంది. కొమ్మ పెరిగేది దానితోనే, పక్క గొట్టాలు దాన్నుంచి పుట్టినవే. మీ ఊదాదానికి అది ఉంది. గులాబీది సీరియాటోపోరా, షాపుల్లో బర్డ్స్ నెస్ట్ అంటారు. దాని నోళ్లు, అంటే పగడంలోని చిన్న చిన్న జీవులుండే గుంటలు, కొమ్మ పొడవునా వరసలు తీరి ఉంటాయి. ఆకుపచ్చది మాత్రం ఈ ఫొటోతో చెప్పలేను, నీలం లైటు అంతా మింగేసింది. మోటారు ఆపించి, తెల్ల లైటులో దగ్గరగా తీయించండి. ఒక్కో నోటి మీద చూరులా చిన్న అంచు ఉంటే స్టైలోఫోరా. అంచు లేకుండా సూదిమొన గుచ్చినట్టు గుంటలే ఉంటే మాంటిపోరా డిజిటాటా కావచ్చు.

అల్లూరు
తీయించాను తమ్ముడూ. అంచు లేదు, గుంటలే. ఊదాది అక్రోపోరాలో ఏ జాతి?

ఒంగోలు
అయితే మాంటిపోరాయే అన్నా. అది కాస్త ఓర్చుకుంటుంది, కిందున్నా పర్వాలేదు. ఊదాది అక్రోపోరా అని రాసుకుని ఆగిపోండి. అందులో వందకు పైగా జాతులున్నాయి. ఒకే పగడం లైటు, నీటి వేగం మారితే ఆకారమే మార్చుకుంటుంది. జాతి తేల్చాలంటే అస్థిపంజరాన్ని మైక్రోస్కోప్‌లో చూడాలి, దానికోసం కొమ్మ విరవడం నాకు ఇష్టం లేదు. పైరాయి మీద దాన్నొక్కదాన్నే పెట్టించండి. ఆల్కలినిటీ ఎగుడుదిగుడు కాకూడదని గట్టిగా చెప్పండి.

కావలి
నాకూ పెంచాలని ఉంది. మన దగ్గర ఎక్కడ దొరుకుతాయి?

ఒంగోలు
వద్దు తమ్ముడూ. మన దేశంలో రాతి పగడాలన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో షెడ్యూల్ 1 కింద ఉన్నాయి. కొనడం, అమ్మడం నేరం. ఎవరైనా ఇస్తామన్నా తీసుకోవద్దు.

అల్లూరు
కావలి తమ్ముడూ, ఉప్పునీటి చేపలతో మొదలుపెట్టు. నీళ్ల టెస్టు నేను నేర్పిస్తాను. మావాడు ఈ రాత్రికే రెండింటిని కిందికి దించుతున్నాడు.