దుబాయ్‌లో మధ్యలో ఆగిపోయిన టీచర్ ఉద్యోగం గురించి అప్లికేషన్‌లో ఏం రాయాలి?

మాది మిర్యాలగూడ. దుబాయ్‌లో ఒక స్కూల్లో మ్యాథ్స్ చెప్పడానికి రెండేళ్ల కాంట్రాక్ట్ మీద వెళ్లాను. పిల్లలు తగ్గారని సెక్షన్లు కలిపేసి, ఏడాది తిరగకుండానే కొత్తవాళ్లందరినీ పంపించేశారు. ఇప్పుడు అక్కడే వేరే స్కూలుకు అప్లై చేస్తున్నాను. ‘మానేసిన కారణం’ అని ఫారంలో ఒక్కటంటే ఒక్క గీత ఇచ్చారు. కన్సల్టెన్సీ ఆయనేమో ‘ఇంటి సమస్యలని రాసెయ్యమ్మా, ఎవరు చూస్తారు’ అంటున్నాడు (ఆయన కమిషన్ ఆయనది!). నాకు మనసొప్పడం లేదు. 2022లో అమల్లోకి వచ్చిన యూఏఈ కార్మిక చట్టం ప్రకారం, అడిగితే ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ ఉచితంగా ఇవ్వాలి. అందులో కారణం ఒకటుండి, నేను ఇంకొకటి రాస్తే మొదటికే మోసం.

‘సెక్షన్లు తగ్గించారు’ అని రాస్తే సరిపోతుందా? పాఠం సరిగ్గా చెప్పక తీసేశారేమో అని అనుకోకుండా ఇంటర్వ్యూలో ఎలా చెప్పాలి? గల్ఫ్ స్కూళ్లలో చేసినవాళ్లు కాస్త చెప్పండి.