బాబు నిద్రపోతున్నా నాకు నిద్ర రావట్లేదు, బాలింతలకు ఇది మామూలేనా?

తిరుపతి కొర్లగుంటలో అమ్మ వాళ్ళింట్లో ఉన్నా, బాబుకు మూడో నెల. ఊపిరి తీస్తున్నాడా లేదా అని రాత్రంతా ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తూనే ఉంటా, గుండె దడ, అన్నం సహించదు. ఇంట్లో చెబితే దిష్టి అంటున్నారు. నా టెన్షన్ వల్ల పాలు చెడిపోయి బిడ్డకేమైనా అవుతుందా?

జవాబు: పాలు చెడిపోవు చెల్లీ, ఆ భయం వదిలెయ్, పాలు మాన్పించకు. కాన్పయిన మొదటి రెండు వారాల్లో దిగులు, ఏడుపు చాలామందికి వచ్చి వాటంతటవే తగ్గిపోతాయి. మూడో నెలలోనూ ఇలా ఉందంటే మాత్రం మామూలే అని వదిలేయకూడదు.

జవాబు: మాది చిత్తూరు. తల్లి ఆందోళన నెలల తరబడి అలాగే ఉండిపోతే బిడ్డతో నవ్వుతూ ఆడుకునే ఓపిక ఉండదు, దాంతో వాడి నిద్ర, పాలు తాగడం, తర్వాత మాటలు, ధైర్యం మీద కూడా ప్రభావం పడొచ్చు. అందరికీ పడాలని లేదు, పైగా ఇది వైద్యంతో తగ్గేదే. మీ తిరుపతి రుయా ఆస్పత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది, పాలిస్తున్నానని ముందే చెప్పు, అందుకు తగ్గ మందులు ఉన్నాయి. వెళ్ళేలోపు 14416కి ఫోన్ చెయ్, టెలి మానస్ అని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

జవాబు: రాత్రి కొంతసేపు బాబును మీ అమ్మకిచ్చి వేరే గదిలో పడుకోమ్మా. చచ్చిపోవాలనో, బిడ్డను ఏమైనా చేయాలనో అనిపిస్తే ఒక్క పూట కూడా ఆగొద్దు, వెంటనే ఆస్పత్రికి వెళ్ళు.

అడిగినామె: థాంక్స్ అక్కా. 14416కి ఇప్పుడే చేస్తా, రుయాకు మా ఆయన్ను తోడు రమ్మంటా.