గ్రాఫిక్స్ కార్డు కొనాలి: 12 జీబీ 3060నా, 8 జీబీ 4060నా?

బీ450 బాధితుడు
నా పాత కార్డు 1050 టీఐ ఆఖరి ఊపిరి మీద ఉంది. పగలు బ్లెండర్ (3డీ బొమ్మలు చేసే సాఫ్ట్‌వేర్) నేర్చుకుంటున్నాను, రాత్రిళ్లు 1080పీ మానిటర్ మీద గేమ్‌లు. మదర్‌బోర్డు బీ450, ప్రాసెసర్ రైజెన్ 5 3600, ఇప్పట్లో మార్చే ఉద్దేశం లేదు. షాపులో రెండు చెప్పారు: 12 జీబీ వీడియో మెమరీ ఉన్న ఆర్‌టీఎక్స్ 3060, 8 జీబీ ఉన్న ఆర్‌టీఎక్స్ 4060. 4060కి రెండు వేలు ఎక్కువ. అన్నయ్యేమో కొత్తది కొనరా అంటాడు, క్లాస్‌మేట్ 12 జీబీ వదులుకోకు అంటాడు. మీరేమంటారు?

రాత్రిగూబ
4060. ఇందులో చర్చేముంది? 3060 వచ్చింది 2021 ఫిబ్రవరిలో, 4060 వచ్చింది 2023 జూన్‌లో. కుడా కోర్లు (చిప్‌లో లెక్కలు చేసే చిన్న యూనిట్లు) పాతదాంట్లో 3584, కొత్తదాంట్లో 3072 అని చూసి పాతదే గట్టిదనుకోవద్దు. పాతది శాంసంగ్ 8 నానోమీటర్ల చిప్, బూస్ట్ (లోడ్‌లో చిప్ అందుకునే వేగం) 1777 మెగాహెర్ట్జ్. కొత్తది టీఎస్ఎంసీలో తయారైంది, బూస్ట్ 2460. ఫ్రేమ్ జనరేషన్ (అసలు ఫ్రేముల మధ్య కార్డే కొత్తవి కల్పించి చేర్చడం) పక్కన పెట్టినా సగటున 20 శాతం వేగం ఎక్కువని తయారు చేసిన ఎన్విడియానే చెప్పింది. నేను రెండూ వాడాను, నాకూ ఇంచుమించు అంతే వచ్చింది. అదీ 170 వాట్లలో కాదు, 115 వాట్లలో. మే నెలలో ఏసీ లేని గదిలో కూర్చుని ఆడేవాడికి ఆ 55 వాట్ల విలువ తెలుస్తుంది.

మెష్ మేస్త్రి
గూబ అన్నా, తమ్ముడు ముందు చెప్పింది బ్లెండర్. మీరు సగం ప్రశ్నకే జవాబిచ్చారు.

పోయిన నెల ఒక పెళ్లి మండపం సీన్ చేశాను. నాదీ 8 జీబీ కార్డే. వ్యూపోర్ట్‌లో (పని చేసుకునే కిటికీలో) అంతా బాగానే తిరిగింది. రెండర్ కోసం, అంటే ఫైనల్ బొమ్మ తీయడానికి, ఎఫ్12 నొక్కాక మెమరీ అంకె ఏడు దాటింది, ఇంకో రెండు నిమిషాలకి రెండర్ ఆగిపోయి కింద ఎర్రగా మెమరీ చాలలేదన్న మెసేజ్. రాత్రి పన్నెండున్నర, పొద్దున్నే క్లయింట్‌కి పంపాలి.

రాత్రిగూబ
బంతిపూల దండలు ఒక్కో పువ్వూ విడిగా కాపీ చేసుంటారు. ఇన్‌స్టాన్స్‌లు వాడితే వెయ్యి పువ్వులున్నా మెమరీలో ఒక్కటే ఉంటుంది. కార్డుది కాదు తప్పు.

మెష్ మేస్త్రి
పువ్వులన్నీ ఇన్‌స్టాన్స్‌లేనన్నా, ఆ పాఠం ఎప్పుడో అయింది. మింగింది పువ్వులు కాదు, మండపం గుడ్డలు. నాలుగు చానెళ్ల 4కే టెక్స్చర్ (వస్తువు మీద అంటించే బొమ్మ) ఒక్కటి మెమరీలో 64 ఎంబీ. గుడ్డకి రంగు, రఫ్‌నెస్, నార్మల్, డిస్‌ప్లేస్‌మెంట్ అని నాలుగు మ్యాపులు పెడితే 256. అలాంటి మెటీరియళ్లు పది ఉంటే రెండున్నర జీబీ అక్కడే హరీ. ఆపైన జామెట్రీ, బొమ్మలో చుక్కలు తుడిచే డీనాయిజర్, విండోస్ వాటా. చివరికి టెక్స్చర్లన్నీ 2కేకి దించి గట్టెక్కాను. దూరం నుంచి తేడా తెలియలేదు గానీ, క్లోజప్‌లో జరీ అంచు అలికినట్టయింది.

మెమరీలో పట్టే సీన్ అయితే రెండర్‌లోనూ 4060దే వేగం, ఒప్పుకుంటాను. పట్టనప్పుడు ఆ వేగం ఏం చేసుకోను?

లేన్ల లెక్క
ఇద్దరూ బోర్డు సంగతి మర్చిపోయారు. 4060 వాడేది ఎనిమిది పీసీఐఈ లేన్లే (బోర్డుకీ కార్డుకీ మధ్య డేటా నడిచే దారులు). 3060వి పదహారు. కార్డులు రెండూ నాలుగో తరానివే, కానీ బీ450 ఇచ్చేది మూడో తరం. అంటే 4060కి దారి సెకనుకి సుమారు 8 జీబీ, 3060కి 16. గేమ్ మొత్తం వీడియో మెమరీలో ఇమిడినంతసేపూ ఈ తేడా పెద్దగా బయటపడదు. 8 జీబీ నిండి ర్యామ్ నుంచి తెచ్చుకోవాల్సి వచ్చిందా, అప్పుడు గేమ్ కుదుపులు మొదలు. సగటు ఎఫ్‌పీఎస్ (సెకనుకి ఫ్రేములు) బాగానే ఉంటుంది, మలుపు తిరిగినప్పుడల్లా తెర ఒక్క క్షణం బిగుసుకుపోతుంది. కొత్త బోర్డుల మీద చేసిన రివ్యూలు చూసి మన పాత బోర్డుకి కొనుక్కుంటే వచ్చే చిక్కిది.

రాత్రిగూబ
అందుకేగా టెక్స్చర్లు అల్ట్రా నుంచి హైకి ఒక మెట్టు దించమనేది. 1080పీలో అంతకంటే ఏం కావాలి? పైగా 4060 బస్ (చిప్‌కీ మెమరీకీ మధ్య దారి) 128 బిట్లే అని ఏడ్చేవాళ్లు ఎల్2 క్యాష్ (చిప్ లోపలి వేగమైన చిన్న మెమరీ) చూడరు: 3060లో 3 ఎంబీ, 4060లో 24. ఎన్విడియా వాళ్ల డీఎల్ఎస్ఎస్ ఫ్రేమ్ జనరేషన్ 3060కి లేనే లేదు.

లోకల్ మోడల్
ఆ క్యాష్ గేమ్‌లకి పనికొస్తుంది, నిజమే. ఇంట్లో చాట్‌జీపీటీ లాంటి భాషా మోడళ్లు నడిపేవాళ్లకి మాత్రం ఒక్కో టోకెన్‌కీ (మాట ముక్కకీ) మోడల్‌లోని అంకెలు, అంటే వెయిట్లన్నీ చదవాలి, 24 ఎంబీ ఏ మూలకి? అక్కడ పని చేసేది బ్యాండ్‌విడ్త్ (మెమరీ నుంచి చదివే వేగం): 3060ది సెకనుకి 360 జీబీ, 4060ది 272. 13 బిలియన్ల వెయిట్లున్న మోడల్ 4 బిట్లకి కుదించినా ఏడెనిమిది జీబీ అవుతుంది. 12లో కాంటెక్స్ట్‌తో (అప్పటిదాకా నడిచిన సంభాషణతో) సహా కూర్చుంటుంది, 8లో కూర్చోదు. ఇక ఫ్రేమ్ జనరేషన్ అంటారా, అది కూడా వీడియో మెమరీ తింటుంది. పోటీ కంపెనీ ఏఎండీ వాళ్ల ఎఫ్ఎస్ఆర్ 3 ఫ్రేమ్ జనరేషన్ ఉన్న గేమ్‌లలో 3060 మీదా నడుస్తుంది.

మీటర్ రీడర్
55 వాట్లు రోజుకి నాలుగు గంటలంటే నెలకి ఆరేడు యూనిట్లు. స్లాబ్ మారే అంచున ఉంటే తప్ప బిల్లు గురించి కొట్టుకోనక్కర్లేదు. వేడి సంగతి వేరు, అందులో గూబ గారే రైటు. వీడియోలు రికార్డ్ చేస్తే 4060లో ఏవీ1 (వీడియోని చిన్న సైజుకి కుదించే ఫార్మాట్) ఎన్‌కోడర్ ఉంది, 3060లో లేదు.

సెకండ్ హ్యాండ్ 3060 చవగ్గా దొరికితే మాత్రం ఒక్క క్షణం ఆగండి. క్రిప్టో కరెన్సీ మైనింగ్‌కి వాడకుండా దానికి పెట్టిన లిమిటర్‌ని 2021 మార్చిలో ఎన్విడియా సొంత డ్రైవరే పొరపాటున తీసేసింది. 2022 సెప్టెంబర్‌లో ఎథీరియం అనే క్రిప్టో కరెన్సీ మైనింగ్ అక్కర్లేని పద్ధతికి మారేదాకా అలాంటి కార్డులు ఎన్ని రాత్రీపగలూ తిరిగాయో! ఫ్యాన్ శబ్దం విని, అరగంట లోడ్ పెట్టి చూశాకే డబ్బులివ్వండి.

బీ450 బాధితుడు
అందరికీ థాంక్స్. టెక్స్చర్ల లెక్క, లేన్ల లెక్క చూశాక 3060 అని తేల్చుకుని ఇందాకే షాపుకి వెళ్లాను. పెట్టె తీసి బల్ల మీద పెట్టారు. ముందువైపు పెద్దగా 3060 అని ఉంది. తిప్పి చూస్తే పక్కన చిన్న అక్షరాల్లో 8 జీబీ! అడిగితే 'రెండూ ఒకటే బాబూ, మెమరీ కాస్త తక్కువంతే' అన్నారు. నిజమేనా?

లేన్ల లెక్క
కాదు, ముట్టుకోకు! కోర్లు అవే 3584, కానీ బస్ 128 బిట్లకి, బ్యాండ్‌విడ్త్ 240కి పడిపోయింది. 12 జీబీ కోసమే 3060 అన్నాం, అదే లేనప్పుడు ఇంకెందుకు?

రాత్రిగూబ
దాని మీద నాకూ మేస్త్రికీ గొడవ లేదు. ఆ డబ్బుకి 4060 కొను.

బీ450 బాధితుడు
వాపస్ ఇచ్చేశాను. 12 జీబీది ఇంకో షాపులో బుధవారం వస్తుందట. అడ్వాన్స్ అడిగారు, పెట్టె చూశాకే ఇస్తానన్నాను.