పెద్ద మానవతా సహాయ సంస్థలో ఆఫర్ వచ్చింది, చేరొచ్చా?

ప్రశ్న:
ఆరేళ్లుగా అకౌంట్స్‌లో చేస్తున్నాను. ఓ పెద్ద అంతర్జాతీయ సహాయ సంస్థలో ప్రోగ్రామ్ ఆఫీసర్‌గా ఆఫర్ వచ్చింది. కాంట్రాక్టు 11 నెలలే. ఇంట్లో ఒకరు "సేవకి జీతమేంటి" అంటారు, ఇంకొకరు "అక్కడంతా డబ్బే డబ్బు" అంటారు. లోపల పనిచేసినవాళ్లు ఉంటే రోజు ఎలా గడుస్తుందో చెప్పండి. గొప్పలు వద్దు.

జవాబు 1:
తొమ్మిదేళ్లు చేశానండీ, చాలావరకు ఫీల్డులోనే. మూట భుజాన వేసుకుని వరదనీళ్లలో నడుస్తానని ఊహించుకుంటుంటే ఆపేయండి. మీ చేతిలో ఉండేది ఎక్సెల్ షీటు.

ఈ రంగంలో స్ఫియర్ ప్రమాణాలని ఉంటాయి, విపత్తులో మనిషికి కనీసం ఎంత అందాలో చెప్పేవి. మనిషికి రోజుకు కనీసం 15 లీటర్ల నీళ్లు, ఒక కుళాయికి 250 మందికి మించకూడదు, మరుగుదొడ్డికి 20 మంది. కాగితం మీద చిన్న లెక్కే. మధ్యాహ్నం ట్యాంకరు రాకపోతే ఆ 15 కాస్తా 9 అవుతుంది. ఎవరికెంత అన్నది క్యూ దగ్గర నిలబడి మీరే చెప్పాలి, తిట్లూ మీరే తినాలి.

నాకు బాగా గుర్తున్నది ఒక పంపిణీ రోజు. ఒకావిడ మూడు గంటలు లైన్లో నిలబడి నా టేబుల్ దాకా వచ్చింది. టోకెన్ మీద పేరుకీ జాబితాలో పేరుకీ ఒక్క అక్షరం తేడా. రూలు ప్రకారం ఇవ్వకూడదు, ఫిర్యాదుల టేబుల్‌కి పంపాలి. పంపాను. అక్కడ అప్పటికే నలభై మంది. సాయంత్రానికి పేరు సరిచేశాం గానీ దుప్పట్లు అయిపోయాయి. బకెట్టూ సబ్బులూ ఇచ్చి పంపాం. ఆ పేరు తప్పుగా ఎంటర్ చేసిందెవరా అని రాత్రి చూస్తే, నా యూజర్ ఐడీయే.

ఇక డబ్బు సంగతి. ఉంటుంది, కానీ మనకి కావలసిన పనికి ఉండదు. నీళ్ల కోసం దాత ఇచ్చిన గ్రాంటుతో దుప్పట్లు కొనలేం. బడ్జెట్ లైన్ మార్చాలంటే ఆయన అనుమతి రావాలి. ఈలోపు చలికాలం అయిపోతుంది.

జవాబు 2:
నేను ఫైనాన్స్‌లోనే ఉన్నాను. అకౌంట్స్ తెలిసినవాళ్లకి ఇక్కడ విలువుంది బ్రదర్. నా జీతంలో 40 శాతం ఒక అమెరికా గ్రాంటు నుంచి, మిగతాది ఇంకోదాన్నుంచి వచ్చేది, టైమ్‌షీట్లు కూడా అలాగే నింపాలి. 2025 జనవరిలో అమెరికా ప్రభుత్వం విదేశీ సహాయాన్ని ఆపేసినప్పుడు ఆ 40 శాతం పోయింది. ఆ వారమంతా మెయిల్ తెరవాలంటేనే టెన్షన్. మీ పోస్టు ఏ గ్రాంటు కింద ఉంది, అది ఎప్పటిదాకా ఉంది అని హెచ్ఆర్‌ని అడగండి. మొహమాటపడొద్దు.

జవాబు 3:
ఇద్దరూ ఒకటి వదిలేశారు. మీరు చేరేది స్థానిక సిబ్బందిగానా, బయటినుంచి వచ్చే సిబ్బందిగానా? జీతం, అలవెన్సు, సెలవులు అన్నీ వేరు. పరిస్థితి చేయిదాటితే విమానం ఎక్కించేది ఎక్కువగా రెండో రకాన్నే. దాడుల్లో చనిపోయే సహాయ కార్యకర్తల్లో ఎక్కువమంది స్థానికులే. బీమా కాగితం పూర్తిగా చదవండి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ థ్యాంక్స్. హెచ్ఆర్‌కి ఇప్పుడే రాశాను. జవాబు 1 ఇచ్చినవారిని ఒకటి అడగాలి: ఆవిడకి దుప్పటి దొరికిందా చివరికి?

జవాబు 1:
పదకొండు రోజులకి, తర్వాతి లోడులో. నేనే తీసుకెళ్లి ఇచ్చాను. నన్ను గుర్తుపట్టలేదు, సంతకం ఎక్కడ పెట్టాలి అని అడిగింది, అంతే. నేనూ ఏమీ చెప్పలేదు.

ఆ తర్వాత మా టీమ్‌లో పేరు రాయగానే వాళ్లకి చదివి వినిపించి, అవునన్నాకే సేవ్ చేసేవాళ్లం. రోజుకు 300 ఎంట్రీలు చేసేవాళ్లం కాస్తా 180కి పడిపోయాం. స్పీడు ఎందుకు తగ్గిందని వారంలోనే పైనుంచి మెయిల్ వచ్చింది. మీకూ వస్తుంది ఇలాంటి మెయిల్, జవాబు రాయడం అలవాటు చేసుకోండి.