ఈసీజీని ఫోనులో పంపితే నిజంగా సమయం కలిసివస్తుందా?

దేవరకొండ రైతు కొడుకు:
నిరుడు పత్తి చేనులో నాన్నకు ఛాతీ నొప్పి వచ్చింది. గ్యాస్ అనుకుని సోడా తాగించాం. చెమటకు చొక్కా ఒంటికి అంటుకుపోయింది. హైదరాబాద్ చేరేసరికే గుండె కండరం బాగా దెబ్బతింది. ఇప్పుడు చిన్న ఆసుపత్రిలో తీసిన ఈసీజీని, అంటే గుండె పనితీరును గీతల్లో చూపే పరీక్షను, ఫోనులో పట్నం డాక్టరుకు పంపుతారట. దానివల్ల మేలేమిటి?

నల్గొండ నర్సు:
చాలా మేలండీ. ఒంటికి పది తీగలు తగిలిస్తే పన్నెండు కోణాల గీతలు వస్తాయి. వాటిలో ఎస్‌టీ అనే భాగం పైకి లేస్తే గుండె రక్తనాళం పూర్తిగా మూసుకుపోయి ఉండవచ్చు. నిపుణులు ఫోనులోనే చూసి ఖాయం చేస్తారు. 120 నిమిషాల్లో యాంజియోప్లాస్టీ (మూసుకుపోయిన నాళాన్ని బెలూన్‌తో తెరిచే చికిత్స) అందదనుకుంటే, రక్తపు గడ్డను కరిగించే టెనెక్టెప్లేస్ ఇంజెక్షన్ ఇక్కడే ఇచ్చి పెద్దాసుపత్రికి పంపుతాం. అయితే ఈమధ్య పక్షవాతం వచ్చినవారికి, లోపల రక్తస్రావం ఉన్నవారికి ఇవ్వకూడదు. నొప్పి మొదలై 12 గంటలు దాటితే దాని ఫలితం బాగా తగ్గిపోతుంది.

అచ్చంపేట నుంచి:
అన్నా, మొదటి ఈసీజీ మామూలుగా ఉన్నా నొప్పి తగ్గకపోతే మళ్లీ తీయమని అడగండి. మా బాబాయికి రెండోసారి తీసినప్పుడే బయటపడింది.

దేవరకొండ రైతు కొడుకు:
ఆ సోడా సీసా ఇంకా నా కళ్లముందే ఉంది. 108 నంబరు గోడ మీద పెద్దగా రాసిపెట్టాను. మా వీధిలో అందరికీ చెబుతున్నాను.