ఇస్త్రీపెట్టె పెడితే చాలు ఆర్‌సీసీబీ పడిపోతోంది

విజయనగరంలో పాత ఇల్లు. బాత్‌రూమ్ కుళాయి ముట్టుకుంటే చురుక్కుమంటోందని పోయిన ఆదివారం 40 ఆంప్స్, 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్త్‌లోకి లీకైతే సప్లై ఆపేసే స్విచ్) పెట్టించాం. టెస్ట్ బటన్ నొక్కితే టక్కున పడుతుంది, అది బాగానే ఉంది. బల్బులు, ఫ్యాన్లు వేస్తే ఏమీ కాదు. ఇస్త్రీపెట్టె ఏ గదిలో పెట్టినా సెకనులో పడిపోతుంది. అదే ఇస్త్రీపెట్టె పక్కింట్లో ఆర్‌సీసీబీ ఉన్న లైన్ మీద బాగా పనిచేసింది.

ఎలక్ట్రీషియన్ "పీసు పాడై ఉంటుంది" అని కొత్తది మార్చాడు. మళ్లీ అదే కథ. తీసేసి డైరెక్ట్ ఇచ్చేద్దామన్నాడు, నేను ఒప్పుకోలేదు.

ప్లగ్గులన్నీ పీకి, గీజర్ వైర్లు కూడా విప్పి, మెయిన్ ఆఫ్ చేసి, బోర్డులో న్యూట్రల్ వైర్లు విడదీయించి ఎర్త్‌తో మల్టీమీటర్ పెట్టించాను. హాలు, బెడ్‌రూమ్ వైరు ఏమీ చూపలేదు. వంటగది, బాత్‌రూమ్ వైరు మాత్రం 4 ఓమ్స్ చూపింది, అంటే అది ఎర్త్‌కి తగులుతోంది. ఆ వైరు గోడలోనే ఎక్కడో రెండుగా చీలుతుంది, జాయింట్ ఎక్కడుందో ఎవరికీ తెలియదు. మొన్ననే టైల్స్ వేయించాం, అదే బాధ.

గోడ పగలగొట్టకుండా, న్యూట్రల్ ఎర్త్‌కి ఎక్కడ తగులుతోందో కనిపెట్టడం ఎలా?