ఒక హ్యాండ్లర్ నుంచి ఇంకో హ్యాండ్లర్‌ని పిలిచేటప్పుడు ఈవెంట్ టార్గెట్ మార్చేదెలా?

మారతహళ్లి మెస్
పీజీ మెస్‌కి రేపటి టిఫిన్ లెక్క తీసుకునే పేజీ. ఫ్రేమ్‌వర్క్ ఏమీ లేదు, ఉత్త జావాస్క్రిప్ట్. 42 గదులు, గదికో వరస. వరసలో ప్లస్ నొక్కితే ప్లస్‌నొక్కు(ఈ) అనే హ్యాండ్లర్ (నొక్కగానే నడిచే ఫంక్షన్; ఈ అంటే బ్రౌజర్ ఇచ్చే ఈవెంట్ ఆబ్జెక్ట్) నడిచి, ఈ.టార్గెట్ (నొక్కిన ఎలిమెంట్) డేటాసెట్‌లోంచి గది నంబరు తీసుకుని లెక్క పెంచుతుంది. ఇప్పుడు పైన "అందరికీ ఒకటి" బటన్ పెట్టా. దాని హ్యాండ్లర్‌లో లూపు తిప్పుతూ, ఈ.టార్గెట్‌కి ఆ వరస బటన్ ఇచ్చి ప్లస్‌నొక్కు(ఈ)ని పిలుస్తున్నా. ఎర్రర్ రాదు, టార్గెట్టూ మారదు. 42 సార్లూ గది నంబరు అన్‌డిఫైన్డ్. మూడు చుక్కల స్ప్రెడ్‌తో కాపీ తీసి టార్గెట్ మారిస్తేనేమో "ప్రివెంట్‌డిఫాల్ట్ ఫంక్షన్ కాదు" అంటోంది (బ్రౌజర్ మామూలు పనిని ఆపడానికి ప్లస్‌నొక్కులో దాన్ని పిలుస్తున్నా).

బీటీఎం రెండో స్టేజి
టార్గెట్‌కి గెట్టర్ (చదివేది) ఒక్కటే ఉంది, సెట్టర్ (మార్చేది) లేదు. మామూలు స్క్రిప్టులో అలాంటిదానికి విలువ ఇస్తే కిక్కురుమనకుండా వదిలేస్తుంది. స్క్రిప్ట్ ట్యాగులో టైప్ మాడ్యూల్ అని పెట్టి చూడండి, స్ట్రిక్ట్ మోడ్ (ఇలాంటి తప్పుల్ని వదలని మోడ్) కాబట్టి అదే లైన్లో టైప్ఎర్రర్ వస్తుంది. స్ప్రెడ్ సొంత ప్రాపర్టీలనే కాపీ చేస్తుంది. ఈవెంట్‌కి సొంతంగా ఉన్నది ఈజ్‌ట్రస్టెడ్ ఒక్కటే, మిగతావన్నీ ప్రోటోటైప్ (ఈవెంట్లన్నిటికీ ఉమ్మడిగా ఉండే ఆబ్జెక్ట్) మీద ఉంటాయి. అందుకే ప్రివెంట్‌డిఫాల్ట్ మాయం.

అసలు లెక్క పెంచే పనికి ఈవెంట్‌తో ఏం పని? దాన్ని విడదీయండి:

లెక్కమార్చు(గది, ఎంత)

ప్లస్ హ్యాండ్లర్ తన బటన్‌లోంచి గది తీసి దీన్ని పిలుస్తుంది. "అందరికీ" హ్యాండ్లర్ 42 గదుల మీద లూపు తిప్పి ఇదే పిలుస్తుంది. ఇంకోటి, ప్లస్ బటన్ లోపల ఐకాన్ ఉంటే టార్గెట్ ఆ ఐకానే అవుతుంది, కరెంట్‌టార్గెట్ (హ్యాండ్లర్ తగిలించిన ఎలిమెంట్) వాడండి. డేటాసెట్ ఇచ్చేది స్ట్రింగు, నంబర్‌గా మార్చకుండా కలిపితే 1కి 1 కలిసి 11 ఇడ్లీ ప్లేట్లవుతాయి :)

కోరమంగళ కోడ్
ఆబ్జెక్ట్.డిఫైన్‌ప్రాపర్టీతో టార్గెట్ మార్చొచ్చు బ్రో, పనిచేస్తుంది.

బీటీఎం రెండో స్టేజి
మొదటి వరసకి పనిచేస్తుంది. కాన్ఫిగరబుల్ ట్రూ (మళ్లీ మార్చనిచ్చే సెట్టింగ్) ఇవ్వకపోతే రెండో వరసలోనే "మళ్లీ డిఫైన్ చేయలేం" అని టైప్ఎర్రర్. ఇచ్చినా ఇంకో తంటా ఉంది: అదే ఈవెంట్ ఆబ్జెక్ట్ బబుల్ అవుతూ (లోపలి ఎలిమెంట్ నుంచి బయటివాటికి) పైకి పోతుంది, టేబుల్ మీదో డాక్యుమెంట్ మీదో లిజనర్ ఉంటే దానికి 42వ గది బటన్ కనిపిస్తుంది. నొక్కిందేమో పై బటన్. అలాంటి బగ్ పట్టుకోవడం నరకం. టెస్టుల్లో తప్ప వద్దు.

మారతహళ్లి మెస్
విడదీశాను, లెక్క సరిగ్గా వస్తోంది. కానీ ప్లస్ నొక్కగానే బటన్ డిసేబుల్ చేసి, సర్వర్‌కి అవైట్‌తో (జవాబు వచ్చేదాకా ఆగి) పంపి, తర్వాత ఈ.కరెంట్‌టార్గెట్‌ని ఎనేబుల్ చేద్దామంటే అది నల్ అంటోంది.

హెబ్బాళ
లిజనర్లన్నీ అయిపోయాక బ్రౌజర్ కరెంట్‌టార్గెట్‌ని నల్ చేసేస్తుంది, అవైట్ దాటేసరికి అది ఎప్పుడో జరిగిపోయి ఉంటుంది. హ్యాండ్లర్ మొదటి లైన్లోనే బటన్‌ని ఒక కాన్‌స్ట్‌లో పట్టుకోండి. ప్రివెంట్‌డిఫాల్ట్ కూడా అవైట్‌కి ముందే, తర్వాత పిలిస్తే దండగ.

ఎప్పుడైనా నిజంగా ఈవెంట్ దారినే పోవాల్సొస్తే, వరస బటన్ మీద క్లిక్() పిలవండి, టార్గెట్ దానంతటదే సరిగ్గా వస్తుంది. డిసేబుల్ అయిన బటన్ మీద మాత్రం ఏమీ జరగదు. చేతిలో ఉన్న ఈవెంట్‌నే డిస్పాచ్‌ఈవెంట్‌కి (ఈవెంట్‌ని పంపే ఫంక్షన్) ఇవ్వకండి, అది ఇంకా నడుస్తుండగా ఇస్తే ఇన్‌వాలిడ్‌స్టేట్‌ఎర్రర్. సొంత డేటా పంపాలంటే కస్టమ్‌ఈవెంట్ (మనమే తయారుచేసే ఈవెంట్) డీటెయిల్ ఉంది, కానీ అందులో పెట్టిన ఆబ్జెక్ట్ లిజనర్లందరికీ ఒక్కటే. ఒకరు మారిస్తే తర్వాతి వాళ్లకి మారిందే అందుతుంది. బబుల్స్ ట్రూ ఇవ్వకపోతే పై ఎలిమెంట్లకి చేరదు.

అన్నట్టు "అందరికీ" నొక్కితే సర్వర్‌కి 42 రిక్వెస్టులు పోతున్నాయా? గదుల జాబితా ఒకేసారి పంపండి.

మారతహళ్లి మెస్
పోతున్నాయి :( మారుస్తున్నా.